పైకి వెళ్ళదలచాను

కోరుట్ల, 14 సెప్టెంబరు 2011, బుధవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. రెండవ దినం. పత్రికలో పెద్ద అక్షరాలతో ‘అంతరిక్ష టూరిజం – నేడు, రేపు’ అని ఒక వ్యాసం. ముందు కోపం వచ్చింది. సంస్కృత పదానికి ఆంగ్ల పదాన్ని అంటగట్టి సమాసం చేయడమా! వైరి సమాసం! ఎర్ర సిరాతో ‘వ్యోమపర్యటనం’ అని దిద్దాను. (పరి + అటనం. యణాదేశ సంధి.) దిద్దిన తరువాత చదివాను. చదివిన తరువాత కూర్చోలేకపోయాను.

సొమ్ము చెల్లించిన యాత్రికులు ఏడుగురు ఇదివరకే రష్యా నౌకలో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి వచ్చారట! ఇప్పుడు అమెరికాలో ఒక సంస్థ సామాన్యుల కోసం చిన్న నౌకను సిద్ధం చేస్తున్నదట. పెద్ద విమానం ఒకటి దానిని మోసుకొనిపోయి ఆకాశంలో వదులుతుంది. అక్కడినుండి అది నిప్పులు కక్కుతూ నూరు కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. కొద్ది నిమిషాలు మనిషికి బరువుండదు. భూమి గుండ్రంగా కనబడుతుంది. వయసు అడ్డంకి కాదట!

ధర వ్రాసిన పంక్తిమీద చాయ్ గ్లాసు పెట్టాను.

సంకల్పం: నేను వెళ్తాను. పదవీ విరమణ పొందిన తెలుగు పండితుడు అంతరిక్షానికి వెళ్ళిన దాఖలా లేదు. అక్కడి అనుభవాన్ని వ్యాకరణ దోషం లేకుండా చెప్పినవారూ లేరు.

నియమాలు: తెల్లవారుజామున నడక. రాత్రి అన్నం బంద్. (‘బంద్’ కొట్టివేత. ‘నిషిద్ధం’.) తలతిరుగుడుకు అలవాటు పడుట.

15, గురువారం

నడిచాను! ఒళ్ళు తేలికగా ఉన్నది. సగం దూరం వెళ్ళివచ్చినట్లే.

మధ్యాహ్నం నడిరోడ్డుమీద వంటావార్పు. ఉద్యమ ధర్మం కనుక కూర్చున్నాను. రెండుమార్లు వడ్డించుకున్నాను. నియమం రాత్రి అన్నానికి మాత్రమే.

దీక్షా శిబిరంలో తాజుద్దీన్‌కు చెప్పాను. మా బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి నా వెనుకనే విరమించినవాడు.

“ఆకాశంలకా? ఎల్లేశం సాబ్, మెట్‌పల్లి బస్సెక్కితెనే కిటికీలకెళ్లి కక్కుతవ్!”

“‘కిటికీలోనుండి’ అనాలి.”

“యాడికెళ్లి కక్కినా కక్కుడే గద భాయ్! ఎప్పుడు లేస్తదట గా ఇమానం?”

“వచ్చే ఏడు అంటున్నారు.”

“పోయినేడు ఏమన్నరు?”

“...వచ్చే ఏడే అన్నారట.”

శిబిరమంతా నవ్వింది. “మన తెలంగాణ లెక్కనే ఉన్నది! ఏది ముందుగాల అస్తదో సూద్దాం తియ్” అన్నాడు తాజుద్దీన్.

అయినా శిక్షణ ఇస్తానన్నాడు. మిత్రుడంటే అతడు!

17, శనివారం

ఉదయం పది గంటలకు ఎల్లన్న కటింగ్ దుకాణంలో శిక్షణ. తిరుగుడు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి తాజుద్దీన్ తిప్పాడు. “గట్టిగ పట్టుకో సాబ్, లేస్తంది!”

ఫలితం: వివరాలు అనవసరం. నేల కడగడానికి నేను సాయపడ్డాను.

“సారూ,” అన్నాడు ఎల్లన్న అద్దం తుడుస్తూ, “గడ్డం గీకమంటె గీకుత, నెత్తి గొరగమంటె గొరుగుత. గీ తిప్పుడు మాత్రం నా దుకాణంల మల్ల వద్దు.”

సాయంత్రం నా భార్య వెంకటవ్వకు విషయం చెప్పాను. పరభాషా పదం ఒక్కటీ దొర్లలేదు: “భూమి ఆకర్షణనుండి విడివడి పైకి వెళ్ళదలచాను. కొద్ది నిమిషాలే. బరువంతా పోతుంది.”

చక్కని వాక్యాలు. ఆమె చేతిలోని గిన్నె జారింది.

“పైకి పోతవా?”

“‘వెళ్తావా’ అనాలి.”

“గా మాట మల్ల నోట్లకెళ్లి రానీయకు.”

వంటింట్లోకి వెళ్ళిపోయింది. విజ్ఞానశాస్త్రం అందరికీ రుచించదు.

19, సోమవారం

నేటినుండి బస్సులూ లేవు. తాజుద్దీన్: “జగిత్యాల పోరాదు గని సుక్కల్లకు పోతడట!”

పాత పత్రికలు తిరగేశాను. మొన్న జూలైలో అమెరికా తన పెద్ద నౌకలను మూలపెట్టింది. రష్యా నౌకలో స్థానాలన్నీ ఉద్యోగ వ్యోమగాములకే సరిపోతున్నవి. అనగా, పర్యాటకులకు అక్కడా బండి లేదు. భవిష్యత్తు మాత్రం ఉజ్జ్వలం. ఆకాశంలో వసతిగృహాలు కడతారట. చంద్రుని చుట్టూ తిప్పి తెస్తారట. ధర దిగుతుందట. ‘అట’ అన్న ఒక్క మాట లేకుంటే ఈ వ్యాపారం నిలువదు.

నడక జరగలేదు. ‘పర్యటకుడా’, ‘పర్యాటకుడా’ అన్న మీమాంసలో పొద్దెక్కింది.

బదులుగా నేలమీద పడుకొని కాళ్ళు గోడకు ఎత్తిపెట్టాను. నెత్తురు తలకెక్కడం అలవాటు కావాలి. తరువాత పెసరపప్పును పాలిథిన్ సంచిలో పోసి, మూల కత్తిరించి చప్పరించాను. వ్యోమగాముల భోజన విధానం! తల ఎత్తితే గుమ్మంలో వెంకటవ్వ. ఎంతసేపటినుండి చూస్తున్నదో!

22, గురువారం

నడక లేదు. మోకాలు. పైగా ఉద్యమకాలంలో వ్యక్తిగత వ్యాయామం స్వార్థమనిపించింది.

రాత్రి సర్వపిండి. అన్నం కాదు కదా. నిన్న గారెలు. మొన్న మాంసం. ఇంతటి ఆదరణ పెళ్ళయిన కొత్తలో కూడా లేదు! ఎదురుగా కూర్చొని కళ్ళార్పక చూస్తున్నది.

ఇంట్లో వస్తువులు మాయమవుతున్నవి. దండెం తాడు లేదు. కిరోసిన్ డబ్బా లేదు. మేడమెట్ల తలుపుకు తాళం. అడిగితే, “శిబిరపోల్లు కొంటవోయిండ్రు” అన్నది. తాళం కూడా వాళ్ళే వేశారా? ఉద్యమానికి దండెం తాడెందుకో!

స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి “ఉన్నవా?” అంటున్నది. “ఉన్నాను.” క్షణం తరువాత మళ్ళీ “ఉన్నవా?” క్రియాపదం స్పష్టంగా వినబడేదాకా వదలదు.

24, శనివారం

తెల్లవారకముందే వాకిట్లో సామేలు ఆటో. “కొండగట్టు పోదాం పా” అన్నది వెంకటవ్వ. ఎత్తయిన స్థలం! పలుచని గాలి! నా సంకల్పం ఆమెకు అర్థమయిందని ఉప్పొంగిపోయాను. దారి పొడవునా నూరు కిలోమీటర్ల ఎత్తు గురించి చెప్పాను. సామేలు అద్దంలో నన్ను జాలిగా చూశాడు.

ఆంజనేయుని గుడి ఆవరణలో మతి చలించినవారిని చేతులు పట్టుకొని తిప్పుతున్న కుటుంబాలు. అంజన్న సన్నిధిలో ఉంటే నయమవుతుందని మా వైపు నమ్మకం. వెంకటవ్వ కూడా నా చెయ్యి పట్టుకున్నది. ప్రదక్షిణలు చేయించింది. గుండ్రంగా తిరుగుడు కనుక శిక్షణ అనే అనుకున్నాను.

ఎవరో ఒక తల్లి వెంకటవ్వను ఆపింది. “ఎన్నొద్దుల సంది గిట్లున్నడు అక్కా?”

“‘ఎన్ని దినాలనుండి’ అనాలి తల్లీ,” అన్నాను.

“పాపం,” అన్నదామె, “మాటైతె మంచిగనే అస్తంది.”

అప్పుడు వెంకటవ్వ నోరు తెరిచింది. “వారం దినాలాయె. పైకి పోత, పైకి పోత అంటండు. బరువంతా దించుకుంటడట. తెలంగాణ కొరకు పోరగాండ్లు పానాలు తీసుకునుడు పేపర్ల రోజూ సూస్తనే ఉన్నం గద. తాడు దాసిన. గాసునూనె దాసిన. ఇంక నాతోని కాదక్కా.”

ఆమె మాటలలో దిద్దవలసినది ఏదీ లేదు.

మెట్లమీద కూలబడ్డాను. ‘పైకి పోవుట’ అంటే లోకం ఏమనుకుంటుందో నిఘంటువు చూడకనే తెలియవలసింది. వారంపాటు ఆమె ఏం తిన్నదో, ఎంత నిద్రపోయిందో నేను చూడలేదు. నా వాక్యం చూసుకొని మురిశాను.

కొబ్బరికాయను భూమి చేశాను. అరటిపండును నౌక చేశాను. లేపి, తిప్పి చూపించాను.

“చచ్చుడు కాదా?”

“కాదు. విహారం.”

“మల్ల కిందికి దిగుతదా?”

“దిగుతుంది. అదే రోజు.”

“అంజన్న మీద ఆన?”

“ఆన.”

“దిగుడు సంగతి ముందుగాల చెప్పాలె గదనయ్యా!” నౌకతోనే నెత్తిమీద ఒకటి వేసింది. తరువాత కొంగు మొగానికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. నా కంట్లో సిందూరం పడింది. అంతే.

సంకల్పం విరమించాను. పులిహోర రెండు పొట్లాలు తిన్నాను.

25, ఆదివారం

తాడు వచ్చింది. డబ్బా వచ్చింది. మేడమెట్ల తాళం పోయింది. భోజనం మాత్రం పచ్చి పులుసుకు దిగింది.

మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూ వెంకటవ్వ అడిగింది.

“గా బండికి కిటికీలు ఉంటయా?”

“ఉంటవి.”

“మన కోరుట్ల కనబడ్తదా?”

“కనబడదు. అది అమెరికాలో ఎగురుతుంది.”

“మరేం లాభం?” నాలుగు రాళ్ళు ఏరింది. “బరువుండదంటివి. మోకాళ్ళు నొయ్యవా?”

ఇది నేను ఆలోచించలేదు. ఏ పత్రికా వ్రాయలేదు. “బరువు లేనప్పుడు మోకాళ్ళమీద ఏముంటుంది? ఆ కొద్ది నిమిషాలు నొయ్యవు.”

చేట పక్కకు జరిపింది. “గట్లయితె పోదాం.”

దినచర్య తెరిచి ‘రేపటినుండి నేను’ అని మొదలుపెట్టాను. భుజంమీదుగా చదివింది.

“నేను అంటవేంది? మనం అనరాదు?”

మనము: వినేవారిని కూడా కలుపుకొనే ఉత్తమ పురుష బహువచనం. దోషం నాదే. కొట్టివేసి, శుద్ధప్రతి వ్రాస్తున్నాను.

రేపు ఉదయం అయిదు గంటలకు మనం నడకకు వెళ్తున్నాం. రాత్రి అన్నం మనం తినం. (ఈ నియమంమీద ఆమె సమ్మె ప్రకటించింది. చర్చలు సాగుతున్నవి.) కిటికీ పక్క స్థానంమీద చర్చ ముగిసింది. నాది కాదు.