బిడ్డ ఎక్కడిదాకా వచ్చింది

రాహేలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఏడాది ప్రార్థన ఈ రోజు పెట్టించలేకపోయాను. మన బిడ్డ సలోమికి మలేరియా తలకెక్కింది. భద్రాచలం దవాఖానాలో ఆమె మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను.

మొదట ఒంటి మీద తెలివి లేదు. డాక్టరమ్మ మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరింది. నేను ఆశగా లేచి నిలబడ్డాను. "అది కాలు పని పెద్దాయనా, మనిషి పని కాదు" అన్నది. తర్వాత చెంచాతో పోసిన నీళ్లు మింగింది. అదీ గొంతు పనేనట.

నిన్న వేళ్లు కదిలాయి. దుప్పటి అంచును బీడీలకు కోసే తునికాకుల్లాగా మడత మీద మడత పేర్చి, కట్టకు ముడి వేసినట్టు తిప్పింది. ఏటా ఎండాకాలమంతా నువ్వూ ఆమే కట్టిన కట్టలే గదా. "బిడ్డ వచ్చింది" అని ఏడ్చేశాను.

"చేతులకు అలవాటుంటది. మనిషి ఇంకా పైకి రావాలె" అన్నది డాక్టరమ్మ.

చేతులు వచ్చి బిడ్డ రాకపోతే ఎట్లా? నువ్వుంటే అడిగేదానివి.

పొద్దున జావ తాగించబోతే కళ్లు తెరిచింది. "నువ్ తాగినవా నాయినా?" అన్నది. రోజూ అడిగే మాటే. నోటికీ అలవాటుంటుందేమోనని భయపడ్డాను.

"తాగిన బిడ్డా" అన్నాను.

నా ముఖం వంక చాలాసేపు చూసింది.

"గీ అబద్ధాలు అమ్మ నమ్మేది. నేను నమ్మ."

నీకు నిజమే రాస్తున్నాను. నిన్నటి నుంచి ఏమీ తాగలేదు. ఇప్పుడు తాగుతున్నాను. బిడ్డ చూస్తున్నది.