గోడ దాటి తిరిగొచ్చిన బంతి

మార్లో ఫెర్రీ, ఒహాయో
1974 జూలై 16, మంగళవారం

కొంగల బేస్‌బాల్ జట్టు ఆఫీసులో ఉత్తరాలు చదివే ఓపిక ఎవరికుంటే వారికి,

నేను బెర్నిస్ కోవాల్చిక్‌ని. మైదానం ఎడమవైపు గోడ అవతల బల్లల మీద, పచ్చ గొడుగు వేసుకుని, పక్కన గుడ్ల సంచీ పెట్టుకుని కూర్చునే మనిషిని. మా ఆయన స్టాన్ పోయాక కూడా ఆ చోటు వదల్లేదు. మీరు గెలుస్తారని కాదు. ఓడిపోవడం ఇంట్లో రేడియోలో వినేకంటే ఎండలో కూర్చుని చూడటమే నయమని.

ఇన్నాళ్లకి ఒక ఆశ పుట్టింది. మీ కొత్త కుర్రాడు ఆర్లో టిబెట్స్. మొన్న ప్రాక్టీసులో వాడు కొట్టిన బంతి గోడ దాటి నది వైపు పోతుంటే నా ఒళ్లు ఝల్లుమంది. వెంటనే మీరేం చేశారు? గేటు దగ్గర వాడి బొమ్మ నిలబెట్టి, కింద ఇంతింత అక్షరాలతో "హోమ్ ర..." ఆ మాట రాయించారు! కోరుకున్నది పైకి అంటే జరుగుతుందా? మైకులో ఆయన కూడా వాడు బ్యాటు పట్టుకోగానే అదే మాట అరుస్తాడు. దిష్టి తగలక ఏమవుతుంది? ఆట మొదలైతే చాలు, పిల్లాడు గాలిని కొడుతున్నాడు. ఆ బొమ్మ ఇవాళే పీకించండి.

ఇట్లు, మీ మంచి కోరి తిట్టే,
బెర్నిస్

తా.క. మా బల్లల మీద ఎవరూ ఆ మాట అనరు. బంతి గోడ దాటి మా వైపు పడటాన్ని "గోడ అవతలి సంగతి" అంటాం.

తా.క. 2. ఎదుటి జట్టు కొట్టిన బంతి మా మధ్య పడితే, "మీ ఎంగిలి మాకొద్దు" అని మైదానంలోకి తిరిగి విసిరేస్తాం. మనవాళ్ల బంతి వస్తే ఏం చెయ్యాలో మాకు తెలియదు. వచ్చి చాలా ఏళ్లయింది.

---

జూలై 18, గురువారం

గౌరవనీయులైన కోవాల్చిక్ గారికి,

బొమ్మ తీయించాను. యజమాని గారు ఊళ్లో లేరు కాబట్టి సరిపోయింది. మైకు ఆయన మాత్రం యజమానికి బావమరిది. ఆయన నోరు మూయించడం నా తరం కాదు.

మీరు ఆర్లో మీద ఇంత ప్రేమ చూపించారు కనుక ఒక మాట చెబుతాను, కడుపులో పెట్టుకోండి. ఆదివారం ఇరవై ఎనిమిదో తారీఖు లోపల ఒక్కసారైనా గోడ అవతలి సంగతి జరగకపోతే అతన్ని ఇంటికి పంపేస్తారు. మేనేజరు గారు తేల్చి చెప్పేశారు. ఇంటికి అంటే వాళ్ల నాన్న పందుల ఫారానికి. ఆ అబ్బాయికి బ్యాటు తప్ప ఇంకో ధ్యాస లేదు. పైగా పందులంటే భయం.

దయచేసి ఎవరితోనూ అనవద్దు.

భవదీయుడు,
వెండెల్ ప్రూట్, ఆఫీసు సహాయకుడు

తా.క. ఉత్తరంతో పంపిన గుడ్లు అందాయి. అందులో ఒకటి ఉడకలేదు. అది నా చొక్కా జేబులో తెలిసింది.

---

జూలై 22, సోమవారం

అబ్బాయి వెండెల్,

నేనెవరితోనూ అనలేదు. మా బల్లల వాళ్లకి చెప్పాను, వాళ్లు పరాయివాళ్లు కాదు. చర్చిలో ఫాదర్‌కి చెప్పాను, ఆయన దేవుడికి తప్ప ఎవరికీ చెప్పరు. నిన్న ప్రార్థనలో కూడా పేరెత్తలేదు. "పందుల పాలు కాబోతున్న ఒక యువకుడి కోసం" అన్నారంతే.

అందరం కూర్చుని ఆలోచించాం. మేం ఆశగా చూసినప్పుడల్లా వాడు గాలిని కొడుతున్నాడు. అంటే మా చూపే తగులుతోంది. అందుకని నిన్నటి నుంచి వాడు బ్యాటు పట్టుకోగానే ఎడమవైపు బల్లల వాళ్లమంతా లేచి, అటు వీపు తిప్పి నిలబడుతున్నాం. మెకానిక్ గస్ తన మోకాలి నొప్పితో కూడా లేచాడు. వాడి కోసం మేమేమైనా చేస్తాం!

నీ క్షేమం కోరే,
బెర్నిస్

తా.క. ఉడకని గుడ్డు నీకు కాదు, పక్కింటావిడకి. ఆవిడ నా మీద కోపంగా ఉంది, ఆమె కేకులో ఉడికిన గుడ్డు పడిందట.

---

జూలై 24, బుధవారం

అమ్మా బెర్నిస్ గారూ,

కొంప ముంచారు!

ఆర్లో నిన్న పెట్టె సర్దుకుని ఆఫీసుకొచ్చాడు. కళ్లనిండా నీళ్లు. "సార్, నేను బ్యాటు పట్టుకుంటే చాలు, ఆ ఎడమవైపు జనమంతా లేచి వీపు తిప్పేస్తున్నారు. నా మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేనివాళ్ల కోసం ఆదివారం దాకా ఎందుకు? బస్సు ఎన్నింటికో చెప్పండి" అన్నాడు.

"అది ప్రేమరా నాయనా" అన్నాను.

"మా ఊళ్లో పందులు కూడా ప్రేముంటే ఇటే చూస్తాయి సార్" అన్నాడు.

మీకు దండం పెడతాను, ఆదివారం ఇటు తిరగండి. వాడికి అదే ఆఖరి ఆట. వాడి బతుకు మీ వీపుల మీద ఆధారపడి ఉంది.

మీ వెండెల్

తా.క. వాడి పెట్టె నా బల్ల కింద ఉంది. దాని మీద కాళ్లు పెట్టుకుని ఇది రాస్తున్నాను, ఎత్తుకుపోకుండా.

---

జూలై 26, శుక్రవారం

నాయనా వెండెల్,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పిల్లాడి మనసు అంత కష్టపెట్టామా!

బల్లల వాళ్లందరినీ మా వంటింట్లో కూర్చోబెట్టాను. గస్ ఒప్పుకోడే! "చూస్తే దిష్టి, చూడకపోతే ఏడుపు, మరి మనం చావాలా?" అన్నాడు. చివరికి నేనే దారి చెప్పాను. ఆదివారం మొహాలు వాడి వైపే పెడతాం, నవ్వుతాం కూడా. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంటాం. అంత దూరం నుంచి వాడికేం తెలుస్తుంది?

ఆదివారం కోసం ఎదురుచూస్తూ,
బెర్నిస్

తా.క. ఆదివారం నీకూ గుడ్లు తెస్తాను. ఈసారి అన్నీ ఉడకబెట్టినవే, ఒట్టు.

---

జూలై 29, సోమవారం

బెర్నిస్ గారూ,

రాత్రంతా నిద్ర లేదు. మీరు కళ్లు మూసుకున్నారు కనుక జరిగింది చెబుతాను.

ఆఖరి విడత. మీరంతా నవ్వుతూ ఉంటే ఆర్లో మొహం వెలిగిపోయింది. వచ్చిన మొదటి బంతినే బాదాడు. అది మీ వైపు గోడ దాటింది. నేను చూశాను! నాలుగు మూలలూ చుట్టి రావడానికి వాడు చేతులెత్తి పరిగెడుతున్నాడు. ఇంతలో బంతి టపీమని మైదానంలోకి తిరిగొచ్చి పడింది. గోడకి కొట్టుకుని వచ్చిందనుకుని వాడు గాభరాపడి ఆగిపోయాడు. ఎదుటి జట్టు వాళ్లు దాన్ని అందుకుని వాణ్ణి అవుట్ చేసేశారు. అంపైరుదీ అదే మాట: గోడకి తగిలి వచ్చింది, చెల్లదు.

మేనేజరు గారు గొడవ చేస్తే అంపైరు ఆ బంతిని జేబులో వేసుకుని, లీగు ఆఫీసుకి పంపిస్తానన్నాడు. గురువారం తీర్పు. అది చెల్లకపోతే ఆర్లో ఆ సాయంత్రమే బస్సెక్కాలి. జట్టు మనుషులు కాని సాక్షులెవరని అడిగితే మీ బల్లల వాళ్లందరూ ఒకే మాట: "మేం కళ్లు మూసుకున్నాం."

ఆ బంతి విసిరిన దరిద్రుడెవరో కనిపెట్టండి!

వెండెల్

తా.క. పెట్టె వాడికి ఇచ్చేశాను. ఆపే మొహం లేకపోయింది.

---

జూలై 30, మంగళవారం

నాయనా,

ఆ దరిద్రుడు నేనే.

కళ్లు మూసుకుని ఉన్నాను. ధబ్బుమని సంచీలో ఏదో పడింది. చూస్తే బంతి! మన వాడు కొట్టాడని తోచలేదురా. మనవాళ్లు ఎప్పుడు కొట్టారు గనక? బంతి వచ్చిందంటే ఎంగిలే. చెయ్యి దానంతట అదే విసిరేసింది. తర్వాత అడిగితే అందరితో పాటు నేనూ కళ్లు మూసుకున్నాననే అన్నాను.

కానీ విను. స్టాన్‌కి చేతికొచ్చిన బంతి వదులుకోవాలంటే ప్రాణం పోయేది. విసరకపోతే పరువు పోయేది. అందుకని ఒక పాత బంతి సంచీలో పెట్టుకునేవాడు. అసలుది దాచుకుని, పాతది విసిరేవాడు. నాదీ అదే అలవాటు. మొన్న విసిరింది కూడా ఆ పాతదే! మా కుక్క కొరికితే ఆకుపచ్చ ఊలుతో నేనే కుట్టాను. ఆ అంపైరుని జేబులోంచి తీసి చూడమను. గోడ దాటిన బంతి కనబడని మనిషికి కుట్లు కనబడతాయో లేదో, కళ్లజోడు పెట్టుకుని మరీ చూడమను.

ఆర్లో కొట్టిన బంతి నా దగ్గరే ఉంది, లీగు ముద్రతో సహా. పోస్టుని నమ్మను. రేపు పొద్దున్నే నీ చేతిలో పెడతాను.

బెర్నిస్

తా.క. దాని మీద పచ్చసొన ఉంటుంది. గుడ్లన్నీ చితికిపోయాయి.

తా.క. 2. పాత బంతి సంగతి బల్లల వాళ్లకి చెప్పకు. నా పరువు.

---

ఆగస్టు 5, సోమవారం

అమ్మా,

గురువారం రాత్రి ఫోనులో చెప్పిందే, కాగితం మీద కూడా ఉండాలని రాస్తున్నాను. లీగు ఆఫీసులో అంపైరు పంపిన కవరు విప్పగానే ఆకుపచ్చ కుట్లు బయటపడ్డాయి. లీగు పెద్దాయన అంపైరు వైపు చాలాసేపు చూశారట. గోడ అవతలి సంగతి చెల్లింది. ఆర్లో ఇక్కడే ఉంటున్నాడు. మీరు తెచ్చిన బంతి వాడి తలగడ పక్కనే ఉంది. గది నిండా గుడ్డు వాసన. అయినా తుడవనివ్వడం లేదు.

ఎప్పటికీ మీ,
వెండెల్

తా.క. నిన్న వాడు కొట్టిన రెండోది కూడా మీ వైపే పడింది. మళ్లీ కళ్లు మూసుకున్నారు కదూ? పాత బంతి ఇంకా లీగు ఆఫీసులోనే ఉందని మీ చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు. మీరు విసిరితే ఎదుటి ఆటగాడు పరిగెత్తుకొచ్చి అందుకున్నది మీ గుడ్డు. ఉడకబెట్టిందే, మాట నిలబెట్టుకున్నారు.

ఆర్లో మాత్రం ఈసారి ఆగలేదు.