నీ బొమ్మ ఉన్న గుడ్డ

రాజధాని లిలాంగ్వేలో ఉన్న చెల్లికి,

ఆసుపత్రిలోనే కనాలన్న నీ బిల్లు పార్లమెంటులో నెగ్గిన రోజు రేడియో పెట్టుకుని ఊరంతా ఆడాం. మంత్రసానినైనా నేనూ ఆడాను. ఆ రోజు నుంచీ ఎవరికీ పురుడు పోయలేదు.

మొన్న మన వీధి ఫైనెసి నొప్పులతో మన గుమ్మం దాకా వచ్చింది. "పెద్దమ్మా, అంతదూరం నడవలేను, నువ్వే ఓ చెయ్యి వెయ్యి" అంది. "చట్టం మా చెల్లెలిదే, నేనే తప్పితే ఎట్లాగే?" అని పంపేశాను. నువ్వు ఇస్తానన్న అంబులెన్సు ఇంకా రాలేదు. దారిలోనే కంది. బిడ్డ దక్కలేదు.

పసికందుల్ని పాతేది ఆడవాళ్లమే కదా. ఎన్నికలప్పుడు నువ్వు పంచిన, మేం నడుముకు కట్టుకునే చితెంజె గుడ్డలోనే చుట్టాం. మట్టి వేస్తుంటే పైకి నీ ముఖమే కనిపించింది, నవ్వుతూ.

ఈసారీ గుడ్డలు పంచు, వద్దనను. నీ బొమ్మ మాత్రం వేయించకు. తోడబుట్టినదాని ముఖం మీద మళ్లీ మట్టి వేయడానికి నాకు చేతులు రావు.

నీ అక్క