ఇద్దరు పట్టే గాలి పడవ

శారదా,

మన ఊళ్లో మళ్లీ ముసురు పట్టింది. మన బిడ్డ రమకు నెలలు నిండాయి. భద్రాచలం తీసుకుపోతానంటే "నొప్పులు రాకముందే దవాఖానా ఏంది నాయినా?" అంటోంది. పోయిన వానాకాలం నిన్ను నులకమంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గుతాయని వాగొడ్డున కూర్చున్నాం. తగ్గేసరికి నువ్వు లేవు. ఇంకోసారి అట్లా కూర్చోవడం నావల్ల కాదు.

అందుకే ఇవాళ ఖమ్మం వచ్చి, గాలి నింపుకునే పడవలు చూశాను. ఇద్దరు పట్టేవాటిలో, వాగులో కొట్టుకొచ్చే ముళ్లకంపకు చిరగనంత మందంగా ఉన్నది ఏరుకున్నాను. ముందు సీటు ఊడదీయించి, దుకాణంలోనే అందులో కాళ్లు చాపుకుని పడుకున్నాను.

"గిదేంది కాకా, దీంట్ల కూసుంటరు గని పంటరా?" అని దుకాణదారు నవ్వాడు.

"నా బిడ్డను పండవెట్టాలె. నొప్పులొస్తే వాగు దాటియ్యాలె. నేను ఎనక కూసోని తెడ్డేస్త."

అతని నవ్వు ఆగిపోయింది. "బిడ్డ బరువెంత?" అని అడిగాడు.

తడుముకోకుండా చెప్పాను. నా బరువు కూడా కలిపి చూసుకుని, "ఫికర్ చెయ్యకు కాకా. ఇద్దరూ అవుతలికి చేరుతరు" అన్నాడు.

పడవ ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక తెలిసింది. నేను చెప్పింది రమ బరువు కాదు, నీది.