ఆరు గిన్నెలు, ఒక కవరు

ఫిబ్రవరి 3. ఉదయం 8:40
తొట్టి లైటు వెలగగానే చూశాను. ఒక ఆడ మెదకా చేప పొట్ట కింద గుడ్ల గుత్తి. పదకొండు. పన్నెండోది పక్కనున్న మగచేప తినేసింది.

మా దగ్గర రెండు రకాల చేపలున్నాయి. పిండంలో గుండె కట్టుకునే చోట ఒక జన్యువు పనిచేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఒక రకంలో ఆ జన్యువును పనిచేయించే స్విచ్ మొత్తం ఉంది. రెండో రకంలో ఆ స్విచ్‌లో ఒక ముక్క కత్తిరించాం. ముక్క లేకపోతే వెలుగు తగ్గాలి. సెన్సే, అంటే మా ల్యాబు ప్రొఫెసరుగారు, ఇరవై ఏళ్లుగా అంటున్నది ఇదే. ఎవరూ నమ్మలేదు. పదో తారీకున అందరి ముందూ చూపించాలి.

సీనియర్ కుజే సాన్ రెండు రకాల గుడ్లనూ ఆరు గిన్నెల్లో సర్ది, దేంట్లో ఏ రకమో రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించారు.

"మార్కులు వేసేది నువ్వు, ఓచియాయ్. కవరు జోలికెళ్లావో, చేపల మేత నీచేత తినిపిస్తా."

తీర్మానం: కవరు ముట్టను. ఊహించను. కనబడిన వెలుగుకే మార్కులు, సున్నా నుంచి మూడు. ఐదు రోజులు. ఎంత తేలిక!

11:00. పిండాలింకా తల్లి గుడ్డులో పెట్టిన సరుకుతోనే నడుస్తున్నాయి. సొంత జన్యువులు నోరు విప్పలేదు. నాలాగే.

భోజనం: వేయించిన సోయా గింజలు. ఇవాళ పండగ, వయసెంతో అన్ని తినాలని ఆచారం. ఇరవై నాలుగు.

ఫిబ్రవరి 4
అన్నిటికీ సున్నా. తీర్మానం అద్భుతంగా సాగుతోంది.

ఫిబ్రవరి 5
వెలిగాయి! అయిదో గిన్నె కాస్త మసక. కత్తిరించిన రకమే అయ్యుంటుంది. ఇది ఊహ కాదు, పరిశీలన.

16:00. అయిదో గిన్నెకు 2 వేయబోయి 1 వేశాను.

ఫిబ్రవరి 6
కుజే సాన్ డ్రాయరుకు తాళం లేదు. అది నా తప్పు కాదు.

కవరును కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను, జిగురు సరిగ్గా అంటిందో లేదో అని. చూపు పడటం పాపం కాదు, రెండోసారి చూస్తేనే పాపం అనేవారు స్కూల్లో సిస్టర్.

రెండోసారి చూశాను. అయిదో గిన్నె: స్విచ్ మొత్తం ఉన్న రకం. మసకగా ఉండకూడని రకం.

ఫిబ్రవరి 7
అయిదో గిన్నె. సరిగ్గా చూస్తే అంత మసకేం కాదు. 3.

16:00. కుజే సాన్ నా మార్కుల పుస్తకం చూశారు.

"ఒక్క రాత్రిలో ఒకటి నుంచి మూడా? పిండాలకేమైనా పండగా?"

నా చెవులు ఎర్రబడ్డాయట. ఆవిడే చెప్పారు.

"తెరిచావా?"

"లేదు. వెలుగుకు పట్టుకున్నాను."

"అబ్బో, ఎంత మర్యాద!"

ఫిబ్రవరి 8
సెన్సేకి చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్లాను. మూడు వాక్యాలు. రెండోదాని దగ్గర ఆపేసి, కాగితమే ఆయన చేతికిచ్చాను. ఆయన టీ పోశారు.

"అంటే, నా మాట నిజం కావాలని చూశావు."

"అవునండీ."

"నేనూ ఇరవై ఏళ్లుగా అలాగే చూస్తున్నాను. అందుకే కవరు పెట్టించేది. ఆ మార్కులన్నీ కొట్టెయ్యమ్మా. పదో తారీకున చూపించడానికి ఏమీ లేదని నేను చెబుతాను."

ఫిబ్రవరి 9
కొత్త గుడ్లు తీశాను. కుజే సాన్ కొత్త కవరు నల్ల కాగితంతో చేసి, తన సంచిలో వేసుకున్నారు.

తీర్మానం: ముట్టను. ఊహించను. ఐదు రోజులు.

మార్చి 31న సెన్సే రిటైరవుతున్నారు.