ఇటాలియన్ క్లాసులో కుంటి గొర్రె

కుప్పం, మంగళవారం

అమ్మా, నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొస్తుందని కార్డు రాస్తున్నాను.

ఇటలీలో నర్సు పనికి ఆ భాష రావాలి కదా. ఇవాళ ‘తిరిగి రావడం’ అప్పజెప్పాను. నేను, నువ్వు, ఆమె, మనం, మీరు, వాళ్లు అని ఆరు రూపాలు: టోర్నో, టోర్ని, టోర్నా, టోర్నియామో, టోర్నాతే, టోర్నానో. నాన్న గొర్రెలను దొడ్డిలోకి తోలుతూ వీపు తట్టి లెక్కపెట్టినట్టు, ఒక్కో మాటకూ బెంచీ తట్టాను. ఆరూ అయ్యాక వాకిలి వైపు తిరిగి చూశాను.

"యాల వెనక్కి సూస్తాండావు?" అంది సుమతి మేడమ్.

"కుంటిది ఇంకా రాలేదు మేడమ్" అనేశాను. క్లాసంతా ఒకటే నవ్వు. నాకు మాత్రం కళ్లు నిండాయి.

వచ్చాను, వస్తాను, వస్తే బాగుండు, వీటికీ వేరే రూపాలున్నాయి. అన్నీ నోటికొచ్చేశాయి.

కుంటిదాని కాలు నయమైందా? దాన్ని మదనపల్లె సంతకు తోలొద్దు. నా కంబళి తమ్ముడు గిరీష్ చేత పంపు. శనివారం పరీక్ష.

అవ్వకు దండాలు. కుంటిది వచ్చేదాకా నాన్న దొడ్డి తడిక వెయ్యడు కదా. నేను వెళ్లాక కూడా, తడిక వేసే ముందు ఒకసారి దారి వైపు చూడమను.

నీ రెడ్డిరాణి