ఉప్మా తిన్న ఉపవాసం

4 ఆగస్టు 1999, బుధవారం

సైబర్ టవర్స్‌లో మా ఆఫీసుకి హెల్త్ క్యాంప్ వచ్చింది. నాన్న యాభై ఒకటికే పేగు క్యాన్సర్‌తో పోయారని చెప్పాను. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపేసింది. కన్నపిల్లలకి రిస్క్ ఎక్కువ, నలభైకే కొలనోస్కోపీ, అంటే పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, చేయించుకోవాలి అంది. నాకు ముప్పై తొమ్మిది. అన్నయ్య సోమేశ్వరరావుకి నలభై ఆరు.

7 ఆగస్టు, శనివారం

నిజాంపేటలో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. పరీక్షకి అన్నయ్య ససేమిరా అన్నాడు. రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందని వదిన వంటింట్లో చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆయనేమో ఒట్టి వేడే, మజ్జిగ తాగితే పోతుంది అంటాడు. రోజుకి పది సిగరెట్లు. ఆకుకూర పొడ గిట్టదు. కూర్చున్న చోటు నుంచి లేవడు. ఒళ్ళు మండింది నాకు. ఆఫీసులో రోజంతా వైటూకే అంటూ, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు చేయబోయే, ఇంకా రాని తప్పుల్ని వెతికి సరిచేస్తాను. సొంత అన్నయ్యని ఒక్క పరీక్షకి కదపలేకపోతున్నాను. నేనూ చేయించుకుంటాను, భయమైతే నా వెనకాలే రా అన్నాను. అన్నయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. ముందు నేనే అన్నాడు.

18 ఆగస్టు, ఉదయం 9

పరీక్ష క్యాన్సిల్! ఏమీ తినకుండా రమ్మంటే అన్నయ్య ఉప్మా తిని వచ్చాడు. మా ఇళ్ళల్లో శనివారం ఉపవాసమంటే అన్నం మానేసి ఫలహారం లాగించడమేగా. ఇదీ అంతే అనుకున్నాడట. నీరసపడతాడని వదిన జీడిపప్పు కూడా వేసిందట. ఆసుపత్రి ఆయా జయమ్మ నవ్వాపుకోలేక, ఏంది సార్, గిట్ల ఉప్మా తినొస్తే కెమెరాకి ఏం కనబడ్తది, జర చెప్పుర్రి అంది. నాకు నవ్వు రాలేదు. ఇంకో వారం ఆగాలి.

24 ఆగస్టు, సాయంత్రం

అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. వంటింటికి తాళం వేశాను.

25 ఆగస్టు

ఇద్దరికీ పరీక్ష అయింది. నాకేమీ లేదు. అన్నయ్యకి పేగులో రెండు పాలిప్స్, చిన్న పుట్టగొడుగుల్లాంటి కండలు. అక్కడికక్కడే తీసేసి, క్యాన్సరేమో చూడ్డానికి బయాప్సీకి పంపారు. నాకు చాలా భయంగా ఉంది.

1 సెప్టెంబరు

క్యాన్సర్ కాదు! కాదు! వదిలేసి ఉంటే కొన్నేళ్ళలో అదే అయ్యేదేమో అన్నారు డాక్టర్. అది రాకముందే దాని పీక పట్టుకున్నాం. మూడేళ్ళకోసారి చూపించుకుంటే చాలట. క్యాంటీన్‌లో అందరికీ మైసూర్ పాక్ పంచాను, ఎందుకో చెప్పి మరీ. అన్నయ్య సిగరెట్ పెట్టె తెచ్చి వదిన చేతిలో పెట్టాడట.

12 సెప్టెంబరు, ఆదివారం

నాన్న తద్దినం. ఇన్నేళ్ళూ బంధువులకి కడుపునొప్పితో పోయారనే చెప్పుకొచ్చాం. ఈరోజు భోజనాలయ్యాక అన్నయ్య లేచి నిలబడి, పేగు క్యాన్సర్‌తో పోయారండి, నాకూ వచ్చి ఉండేది, మీరూ చూపించుకోండి అన్నాడు. అందరూ చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టారు.

చివరికి నాన్న తమ్ముడు, మా బాబాయి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ డాక్టరు నంబరు చెప్పరా అన్నాడు.